కైరోప్రాక్టిక్, న్యూరో రీహాబ్: మొదటిసారి వెళ్తే ఏం చేస్తారు, ఎంతవరకు పనిచేస్తుంది?

తెలుసుకుందామని:

అందరికీ నమస్కారం. కైరోప్రాక్టిక్ (వెన్నునీ కీళ్ళనీ చేతులతో నెట్టి చేసే వైద్యం), న్యూరలాజికల్ రీహాబిలిటేషన్ (మెదడు, నరాల జబ్బుల తర్వాత ఒంటికి మళ్ళీ పని నేర్పే వైద్యం) అని రెండూ ఒకే బోర్డు మీద ఉన్న సెంటర్‌కి ఇద్దరిని తీసుకెళ్ళాలనుకుంటున్నాం.

మొదటివారికి 38 ఏళ్ళు. ఆరు వారాలుగా నడుం నుంచి కుడి పిర్ర, తొడ వెనక, పిక్క మీదుగా పాదం దాకా లాగుతోంది. చిటికెన వేలు వైపు తిమ్మిరి. ఎమ్మారైలో ఎల్5–ఎస్1 దగ్గర, అంటే నడుం చివరి పూస కింద, డిస్క్ ఉబ్బిందని రాశారు.

రెండోవారికి 64 ఏళ్ళు. మెదడులో రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వచ్చి మూడు నెలలు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు. కర్ర పట్టుకుని నడుస్తున్నారు, పాదం ముందు భాగం నేలకి రాసుకుంటోంది. చెయ్యి భుజం ఎత్తుకి రాదు, వేళ్ళు ముడుచుకునే ఉంటున్నాయి.

మొదటి రోజు ఏం చేస్తారు? ఎన్ని సిట్టింగులు పడతాయి? ఏ ఇబ్బందులు మామూలు, వేటికి భయపడాలి? గుణం కనిపిస్తోందో లేదో మనకెలా తెలుస్తుంది? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి.

---

కశేరుక:

బోర్డు ఒకటే అయినా ఇవి రెండు వేర్వేరు పనులండీ. మొదటివారి బాధ వెన్నులోంచి బయటికొచ్చే నరం మొదట్లో. రెండోవారిది మెదడులో. వీపు మీద చేసే వైద్యం మొదటివారికి కొంత ఉపయోగపడొచ్చు, రెండోవారి చేతికీ కాలికీ అది మందు కాదు. మొదటివారి సంగతి నేను రాస్తాను.

మొదటి రోజు 45 నిమిషాల నుంచి గంట పట్టాలి. అందులో సగం ప్రశ్నలకే పోతుంది: ఎప్పుడు మొదలైంది, దగ్గితే కాలులోకి లాగుతుందా, రాత్రి నొప్పికి మెలకువ వస్తుందా, జ్వరం ఉందా, కారణం లేకుండా బరువు తగ్గారా, గతంలో క్యాన్సర్ ఉందా, స్టెరాయిడ్లు చాలాకాలం వాడారా, ఎముకలు గుల్లబారాయా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా. ఇవేవీ అడక్కుండా బల్ల మీద పడుకోబెట్టి వెన్ను విరిస్తే మళ్ళీ అక్కడికి వెళ్ళకండి.

తర్వాత పరీక్ష. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలు పైకెత్తుతారు. 30 నుంచి 70 డిగ్రీల మధ్య నొప్పి మోకాలు దాటి కిందికి పాకితే నరం మీద అనుమానం గట్టిపడుతుంది. తొడ వెనక పట్టేసినట్టుంటే అది కండరం బిగువు మాత్రమే, లెక్కలోకి రాదు. బాగున్న కాలు ఎత్తినప్పుడు నొప్పి కాలులోకి లాగితే డిస్క్ వల్లేనన్న నమ్మకం ఇంకా పెరుగుతుంది.

బలం, స్పర్శ, రిఫ్లెక్స్ మూడూ చూడాలి. చిటికెన వేలు, పాదం బయటి అంచు ఎస్1 నరం పరిధి. పాదం పైభాగం, బొటనవేలు పైకి లేపే బలం ఎల్5 పరిధి. ఎస్1 దెబ్బతింటే మడమ వెనక సుత్తితో కొట్టినప్పుడు వచ్చే కదలిక తగ్గుతుంది. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు: పాదాన్ని కిందికి నొక్కమని చేత్తో ఆపి చూసి, బలం బాగానే ఉందని రాసేస్తారు. పిక్క కండరం మనిషి చేతి కన్నా చాలా బలమైంది, కొంత బలం పోయినా చేతికి తెలియదు. ఒంటికాలి మీద నిలబడి మడమ ఎన్నిసార్లు పూర్తిగా ఎత్తగలరో రెండు కాళ్ళకీ లెక్కపెట్టించాలి. ఎడమ కాలికి 20, కుడి కాలికి 6 వస్తే ఆ 6 అనే అంకె కాగితం మీదకి ఎక్కాలి. వచ్చే వారం దాంతోనే పోల్చి చూడాలి.

ఎమ్మారైలో డిస్క్ ఉబ్బు అన్న మాట చదివి బెదరొద్దు. నొప్పే లేనివాళ్ళకి తీసిన స్కాన్ల మీద 2015లో వచ్చిన సమీక్షలో 20 ఏళ్ళ వయసువాళ్ళలో సుమారు 30 శాతం మందికి, 80 ఏళ్ళవాళ్ళలో 84 శాతం మందికి ఆ ఉబ్బు ఉంది. లక్షణాలూ పరీక్షా స్కానూ మూడూ ఒకే నరాన్ని చూపిస్తేనే దానికి విలువ. ఇక్కడ తిమ్మిరి ఎస్1 వైపే ఉంది కాబట్టి సరిపోతున్నట్టే కనిపిస్తోంది. ఎలాంటి దెబ్బా తగలకపోయినా అందరికీ ఎక్స్‌రే తీయాల్సిందే అనే చోట ఎందుకని అడగండి.

వైద్యం విషయానికొస్తే, పక్కకి తిరిగి పడుకోబెట్టి, పై కాలు వంచి, కీలుని దాని కదలిక చివరిదాకా తీసుకెళ్ళి ఆపి, చిన్న దూరం వేగంగా నెడతారు. సెకనులో ఐదో వంతు కూడా పట్టదు. టక్ మని వినిపించేది ఎముక చోటికి చేరిన చప్పుడు కాదు. కీలులోని ద్రవంలో వాయువు బుడగ ఏర్పడటం వల్ల వస్తుంది. అందుకే అదే కీలు వెంటనే మళ్ళీ మోగదు, ఇరవై నిమిషాల వరకు వ్యవధి కావాలి. చప్పుడు రాకపోతే వైద్యం జరగనట్టు కాదు. వచ్చే దాకా మళ్ళీ మళ్ళీ నెట్టేవాళ్ళ దగ్గర జాగ్రత్త.

కాలులోకి ఇంత లాగుతున్నప్పుడు నెట్టుడే చేయాలని లేదు. బోర్లా పడుకోబెట్టి బల్ల కింది భాగాన్ని నెమ్మదిగా వంచుతూ లేపుతూ చేసే పద్ధతి ఉంది, చేతులతో మెల్లగా కదిలించే పద్ధతీ ఉంది. బలం రోజురోజుకీ తగ్గుతుంటే నెట్టకూడదు, వెన్ను సర్జన్‌కి చూపించాలి.

ఆ సాయంత్రం ఒళ్ళు నొప్పి, బిగుతు, అలసట, తలనొప్పి రావచ్చు. దాదాపు సగం మందికి వస్తాయి, ఒకటి రెండు రోజుల్లో పోతాయి. నొప్పి ఎంతుందన్నదాని కన్నా ఎక్కడుందో చూసుకోండి. పాదంలోంచి పిక్కకి, పిక్కలోంచి పిర్రకి వెనక్కి జరుగుతుంటే నడుంలో కాస్త ఎక్కువైనా మంచిదే. నడుం తేలికై పాదంలో పెరిగితే ఆ పద్ధతి ఆపేయాలి.

సైకిల్ సీటు ఆనే చోట తిమ్మిరెక్కడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మలం ఆపుకోలేకపోవడం, రెండు కాళ్ళూ బలహీనపడటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా సిట్టింగ్ కోసం ఎదురుచూడకుండా అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి వెళ్ళాలి. వెన్ను కింది భాగంలోని నరాల గుత్తి నలుగుతున్న లక్షణాలవి. ఆలస్యమైతే మూత్రం మీద పట్టు తిరిగి రాకపోవచ్చు.

ఎన్నిసార్లు అంటే, వారానికి రెండు చొప్పున నాలుగు నుంచి ఆరు సిట్టింగులు చేసి మళ్ళీ కొలవాలి. మడమ లెక్క, కాలు లేచే కోణం, నడవగలిగే నిమిషాలు. నాలుగు వారాలకీ ఏదీ కదలకపోతే దారి మార్చాలి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చేతి వైద్యాన్ని వ్యాయామంతో కలిపి మాత్రమే చేయమన్నాయి, విడిగా కాదు. నడుం నొప్పికి దీనివల్ల వచ్చే ఉపశమనం మిగతా మంచి పద్ధతులతో వచ్చేదానికి ఇంచుమించు సమానం. అంతకన్నా పెద్ద మాట ఎవరు చెప్పినా నమ్మకండి.

---

నాడీపథం:

కశేరుక గారు చెప్పినదానికి తోడు, పక్షవాతం సంగతి నేను రాస్తాను.

ఇక్కడ వైద్యం అంటే మెదడులో మిగిలిన భాగాలతో కొత్తగా పని నేర్పించడం. బల్ల మీద పడుకుంటే ఎవరో చేసిపెట్టేది కాదు. మనిషి స్వయంగా, కష్టపడేంత స్థాయిలో, లెక్కకు మించి చేయాలి. దాదాపు అన్నీ ఈ ఒక్క విషయం మీదే ఆధారపడతాయి, సెంటర్లు ఎక్కువగా తప్పేదీ ఇక్కడే.

మొదటి ఒకటి రెండు సిట్టింగులు కొలతలకే. కండరం బిగువుకి మాడిఫైడ్ ఆష్‌వర్త్ స్కేలు (0, 1, 1+, 2, 3, 4). నిలకడకి బెర్గ్ స్కేలు, 14 పనులు, మొత్తం 56 మార్కులు, 45 లోపైతే పడిపోయే ప్రమాదం ఎక్కువని చూస్తారు. చేతికి ఫుగల్-మేయర్, 66 మార్కులు. నడక వేగం. కళ్ళు మూసుకుంటే వేలు ఎటు వంచారో తెలుస్తోందా. ఎడమ వైపు పక్షవాతం కాబట్టి ఎడమ పక్కనున్నవాటిని పట్టించుకోకపోవడం ఉందేమో తప్పక చూడాలి. కాగితం నిండా గీతలుంటే కుడివైపు గీతల్నే కొట్టేసి అయిపోయిందంటారు. కంచంలో ఎడమ సగం తినకుండా వదిలేస్తారు. ఇది పట్టుకోకుండా నడక నేర్పిస్తే గుమ్మాలకి గుద్దుకుంటూనే ఉంటారు, మతిమరుపు అనుకుంటాం. మింగేటప్పుడు దగ్గు, తిన్నాక గొంతు తడిగా గరగరమనడం ఉంటే స్పీచ్ థెరపిస్టు మింగుడు పరీక్ష చేయాలి.

కొలిచాక లక్ష్యం రాయాలి. "బలం పెంచడం" అని రాస్తే దానికి అర్థం లేదు. "నాలుగు వారాల్లో మంచం మీదనుంచి బాత్రూం దాకా ఎవరి చెయ్యీ పట్టకుండా" అని ఉండాలి.

ఇక మోతాదు. 2023లో వచ్చిన నైస్ మార్గదర్శకాలు ఓపిక ఉన్నవాళ్ళకి రోజుకి కనీసం 3 గంటలు, వారానికి కనీసం 5 రోజులు అన్నాయి, అన్ని థెరపీలూ కలిపి. వారానికి రెండుసార్లు అరగంట వెళ్ళొస్తే అందులో ఎన్నో వంతో మీరే లెక్కేసుకోండి. 2009లో వచ్చిన ఒక పరిశోధనలో థెరపీ గదుల్లో కూర్చుని లెక్కపెట్టినప్పుడు ఒక సిట్టింగులో చేతితో చేయించిన అసలు పనులు సగటున 32 సార్లే ఉన్నాయి. జంతువుల మీద ప్రయోగాల్లో మెదడు మారినప్పుడు ఆ లెక్క రోజుకి వందల్లో ఉంది. కాబట్టి సెంటర్‌లో నేర్చుకోవడం, ఇంట్లో చేయడం. ఇంటికి ఏం చేయాలో రాసివ్వని సెంటర్ సగం పనే చేస్తున్నట్టు.

కాలికి ఇంట్లో చేయదగ్గ వాటిలో అన్నిటికన్నా విలువైనది కూర్చుని లేవడం. చేతులు లేని గట్టి కుర్చీ, గోడకి ఆనించి. ఎడమ పాదాన్ని కుడి పాదం కన్నా కొంచెం వెనక్కి పెట్టాలి, అప్పుడు బరువు ఎడమ కాలి మీద పడక తప్పదు. అలా పెట్టకపోతే బాగున్న కాలితోనే లేచేస్తారు, వంద చేసినా ఎడమ కాలికి ఒరిగేదేమీ ఉండదు. సీటు మీద దిండు కాకుండా గట్టిగా మడిచిన దుప్పట్లు వేసి ఎత్తు పెంచి మొదలుపెట్టండి. చేతులు వాడకుండా వరసగా 10 లేవగలిగితే 5 సెంటీమీటర్లు తగ్గించండి. పదేసి చొప్పున రోజులో ఐదారు విడతలు. మొదట్లో ఎడమ పక్కన ఒకరు నిలబడాలి.

పాదం నేలకి రాసుకోవడానికి పిక్క వెనక నుంచి పాదం కిందిదాకా పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టీ (ఏఎఫ్‌ఓ) అడగండి. వేసుకుంటే కాలు బద్ధకిస్తుందని కొందరు ఆపుతారు. రోజూ నడవగలిగే దూరం దానివల్ల పెరుగుతుంది, ఆ నడకే వ్యాయామం. అడుగు వేసినప్పుడు మోకాలు వెనక్కి వంగిపోతుంటే తొడ బలం తక్కువని మాత్రమే అనుకోకండి, పిక్క బిగుసుకోవడం కూడా కారణం కావచ్చు. రెండిటికీ మందు వేరు.

బిగుతుకి రోజుకి పదిసార్లు లాగి సాగదీస్తే సరిపోతుందనే నమ్మకం ఉంది. వట్టి సాగదీత వల్ల కీలు కదలిక మీద చెప్పుకోదగ్గ లాభం ఉండదని పరిశోధనలన్నిటినీ కలిపి చూసినప్పుడు తేలింది. వేళ్ళు బాగా బిగిసి గోళ్ళు అరచేతిలో గుచ్చుకుంటుంటే కండరాన్ని వదులు చేసే బోటులినం ఇంజెక్షన్ గురించి రీహాబ్ డాక్టర్‌ని అడగండి. కొన్ని రోజుల్లో పని మొదలై, 4 నుంచి 6 వారాల దగ్గర ఎక్కువగా ఉండి, మూడు నెలలకి తగ్గిపోతుంది. ఆ వ్యవధిలో చేతితో పని చేయించకపోతే ఇంజెక్షన్ వృథా. ఉన్నట్టుండి బిగుతు పెరిగితే మాత్రం ముందు ఒంట్లో వేరే కారణం వెతకండి: మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, పుండు, గోరు లోపలికి పెరగడం, బిగుతు చెప్పు.

మొదటి మూడు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది, ఆరు నెలల తర్వాత నెమ్మదిస్తుంది. ఆగిపోదు. కానీ ఇప్పుడు వాయిదా వేసే సమయం కాదు. ఇంకొకటి, పక్షవాతం వచ్చినవాళ్ళలో సుమారు మూడో వంతు మందికి దిగులు జబ్బు వస్తుంది. వ్యాయామం చేయనని మొరాయిస్తుంటే బద్ధకం అనేముందు దాన్ని చూపించండి, దానికి మందులున్నాయి.

మూతి వంకర, మాట తడబాటు, కొత్తగా బలహీనత కనిపిస్తే రీహాబ్ సెంటర్‌కి కాదు, స్ట్రోక్ చూసే ఆసుపత్రికే. గడ్డ కరిగించే మందుకి మామూలుగా మొదలైనప్పటి నుంచి 4.5 గంటలే సమయం. నిద్రలో వచ్చినా, ఎప్పుడొచ్చిందో తెలియకపోయినా వెళ్ళాల్సిందే.

---

ఓటీ_గది:

చేతి గురించి.

ముందు భుజం కాపాడుకోండి. కండరాలు పట్టు తప్పితే చెయ్యి బరువుకి కీలు కిందికి జారుతుంది. అప్పుడు చంకలో చెయ్యి వేసి లేపినా, ఎడమ చెయ్యి పట్టి లాగినా నొప్పి మొదలవుతుంది, అది మొదలైతే చేతి వ్యాయామాలన్నీ ఆగిపోతాయి. లేపేటప్పుడు నడుం పట్టీ పట్టుకోండి. కూర్చున్నప్పుడు చెయ్యి ఒళ్ళో దిండు మీద ఉండాలి, పక్కకి వేలాడకూడదు. మెడలో వేసే స్లింగు నడిచేటప్పుడు మాత్రమే. రోజంతా వేస్తే చెయ్యి ఒంటికి అంటుకున్నట్టు వంగి అలాగే బిగుసుకుంటుంది. తల పైన కప్పీ కట్టి మంచి చేత్తో రెండో చేతిని లాగించే వ్యాయామం చాలా సెంటర్లలో ఇంకా కనిపిస్తుంది. దాంతో భుజం నొప్పి వస్తుంది, వద్దనండి. చొక్కా తొడిగేటప్పుడు ఎడమ చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఎడమ చెయ్యి చివర.

మెత్తటి బంతి పిసకమనే సలహా అందరూ ఇస్తారు. మీ రెండోవారికి ముడుచుకోవడం ఇప్పటికే ఎక్కువ, లేనిది విప్పడం. బంతి పక్కన పెట్టండి.

తర్వాత ఏ దారి అన్నది ఒక చిన్న పరీక్ష మీద ఉంది. ముంజేయి బల్ల మీద పెట్టి, మణికట్టు బల్ల అంచు దాటి వేలాడేలా ఉంచి, స్వయంగా పైకి లేపమనండి. మణికట్టు 20 డిగ్రీలు, వేళ్ళు 10 డిగ్రీలు విప్పగలిగితే మంచి చేతికి తొడుగు వేసి బలహీనమైన చేత్తోనే పనులు చేయించే పద్ధతి పనికొస్తుంది. అసలు పద్ధతిలో రెండు వారాలు, రోజుకి 6 గంటల సాధన, మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం తొడుగు. కఠినం. గంటలు తగ్గించి వారాలు పెంచిన రూపాలూ ఉన్నాయి. నడకలో కర్ర పట్టేది మంచి చేత్తోనే కాబట్టి నడిచేటప్పుడు తొడుగు తీసేయాలి, పడిపోతే అన్నీ పోతాయి.

అంత విప్పలేకపోతే ముంజేయి వెనక కండరాలకి విద్యుత్ ప్రేరణ, దాంతోపాటు అద్దం థెరపీ. అద్దాన్ని ఛాతీ మధ్య గీతకి ఎదురుగా, రెండు చేతుల మధ్య నిలువుగా, కనిపించే వైపు కుడి చేతి వైపు ఉండేలా నిలబెట్టి, ఎడమ చెయ్యి వెనక దాచి, కుడి చెయ్యి అద్దంలో కనిపించేలా కూర్చోవాలి. కుడి చేతి ఉంగరం, వాచీ తీసేయాలి, లేకపోతే అద్దంలోది తన ఎడమ చెయ్యి అనిపించదు. నెమ్మదిగా వేళ్ళు విప్పడం, మూయడం, మణికట్టు తిప్పడం, అద్దం వెనక ఎడమ చేత్తోనూ ప్రయత్నిస్తూ. రోజుకి అరగంట, వారానికి ఐదు రోజులు, నాలుగు వారాలు. తల తిరిగితే ఆపి పది నిమిషాల విడతలుగా చేయించండి.

చెయ్యి వాచి, వేడెక్కి, రంగు మారి, ముట్టుకుంటే ఓర్చుకోలేకపోతే వారం ఆగకుండా డాక్టర్‌కి చూపించండి.

---

తెలుసుకుందామని:

చాలా థాంక్సండీ. రెండు సందేహాలు. సెంటర్‌కి ఫోన్ చేస్తే, రెండోవారికి మెడ పైపూస సరిచేస్తే మెదడుకి సంకేతాలు బాగా అందుతాయి, 36 సిట్టింగుల ప్యాకేజీ తీసుకోండి అన్నారు. తిరిగే కుర్చీ, రంగు కళ్ళద్దాలతో కూడా చేస్తారట. ఆయన రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. రెండోది, ఏఎఫ్‌ఓ పట్టీ సరిగ్గా సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

---

కశేరుక:

మెడ నెట్టనివ్వకండి. పక్షవాతం తగ్గడానికి మెడ పూసని సరిచేయడం అనే వైద్యం లేదు. పూస కాస్త పక్కకి జరగడం వల్లే రోగాలు వస్తాయన్నది 1895లో ఈ విద్య పుట్టినప్పటి ఊహ. కైరోప్రాక్టర్లలోనే చాలామంది దాన్ని వదిలేశారు.

మెడ వెనకనుంచి మెదడుకి వెళ్ళే వెర్టెబ్రల్ ధమని మొదటి రెండు పూసల దగ్గర మెలిక తిరిగి పోతుంది. దాని లోపలి పొర చిరిగితే పక్షవాతం వస్తుంది. మెడ నెట్టినందువల్లే చిరుగుతుందా, అప్పటికే చిరుగు మొదలై ఆ నొప్పితోనే జనం వైద్యానికి వస్తున్నారా అన్న వాదన తేలలేదు. జరిగేది అరుదే. కానీ ఒకసారి మెదడు రక్తనాళం మూసుకుపోయిన మనిషికి, లాభమే లేని పనికోసం ఆ అరుదైన ప్రమాదమైనా ఎందుకు? క్లోపిడోగ్రెల్ ఒక్కటే వద్దనడానికి కారణం కాదు, అయినా ఎక్కువ ఒత్తిడితో చేసే మసాజ్ వల్ల కమిలే అవకాశం ఉంటుంది, ముందే చెప్పండి. సిట్టింగ్ కోసమని ఆ మందు మాత్రం ఒక్క పూట కూడా ఆపకండి.

మొదటివారికైనా మెడ జోలికి వెళ్తే ఒక జాగ్రత్త. ఇంతకుముందెప్పుడూ లేని తీరులో ఒక్కసారిగా మెడలోనో తల వెనకో తీవ్రమైన నొప్పి, దాంతో తల తిరగడం, ఒకటి రెండుగా కనపడటం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, ముఖంలో తిమ్మిరి ఉంటే మెడ ముట్టుకోనివ్వకుండా ఆసుపత్రికి.

---

నాడీపథం:

ప్యాకేజీ విషయంలో నా మాట కటువుగానే ఉంటుంది. మొదటి కొలత తీయకముందే 36 అని చెప్పగలిగారంటే ఆ అంకె రోగిని చూసి వచ్చింది కాదు.

తిరిగే కుర్చీ, రంగు అద్దాలు పక్షవాతం వచ్చిన చెయ్యి, కాలు తిరిగి పనిచేయడానికి పనికొస్తాయనడానికి సరైన ఆధారం లేదు. కంటి, తల కదలికల వ్యాయామాలన్నీ వట్టివని అనడం లేదు. లోపలి చెవి నిలకడ వ్యవస్థ దెబ్బతిన్నవాళ్ళకి గోడ మీద అక్షరాన్ని చూస్తూ తల అటూ ఇటూ తిప్పే వ్యాయామం బాగా పనిచేస్తుంది. కొత్తగా వచ్చిన సమస్యకి రోజు మొత్తం మీద కనీసం 12 నిమిషాలు, పాతదానికి కనీసం 20, మూడు నుంచి ఐదు విడతలుగా. పక్క తిరిగితే గిర్రున తిరిగే బీపీపీవీకి ఎప్లీ పద్ధతిలో తల తిప్పితే ఒకటి రెండుసార్లలోనే తగ్గిపోవచ్చు. జబ్బుకి తగ్గ పరికరం కావాలి. ఒకే కుర్చీ అన్నిటికీ వాడుతుంటే అనుమానించాలి.

సెంటర్ చెప్పే మాటల మీద ఆధారపడకుండా నడక మీరే కొలవండి. 14 మీటర్ల ఖాళీ చోటు. మొదటి 2 మీటర్లు, చివరి 2 మీటర్లు వదిలేసి మధ్య 10 మీటర్లకి ఎన్ని సెకన్లో చూడండి. మామూలు వేగంతో, అదే కర్ర, అదే చెప్పులు, అదే పట్టీ, ఎప్పుడూ ఒకే పూట. మూడుసార్లు తీసి సగటు వేయండి. 25 సెకన్లు పడితే సెకనుకు 0.4 మీటర్లు, ఆ లోపైతే నడక ఇంటి వరకే. 12.5 సెకన్లకి వస్తే 0.8, బయట తిరగగలిగే స్థాయి. పక్షవాతం వచ్చిన మొదటి నెలల్లో వేగం సెకనుకు 0.16 మీటర్లు పెరిగితే జీవితంలో తెలిసేంత మార్పు. 25 సెకన్లవారు సుమారు 18కి రావాలన్నమాట. రెండు వారాలకోసారి చాలు, రోజూ కొలిస్తే మనసు పాడవుతుంది.

---

ఓటీ_గది:

ఏఎఫ్‌ఓ సంగతి. సాక్సు వేసి దానిమీద పట్టీ, మోకాలు వంచి కూర్చున్నప్పుడు మడమ పూర్తిగా వెనక్కి ఆనాకే బెల్టు బిగించాలి. మడమ కొంచెం లేచి ఉన్నా నడకలో పైకి జారి పిక్కని ఒరుస్తుంది. చెప్పు అర సైజు పెద్దది, వెనక మూసి ఉన్నది, లోపలి అట్ట తీయగలిగింది అయితే పని తేలిక. పట్టీ ఒక్క కాలికే కాబట్టి రెండో చెప్పులో అట్ట ఉంచేయండి, లేకపోతే ఎత్తు తేడా వస్తుంది.

మొదటి రోజు గంటసేపే వేయండి, రోజుకి ఒక గంట చొప్పున పెంచండి. తీసినప్పుడల్లా చీలమండ రెండు ఎముకలు, చిటికెన వేలు మొదలు, పిక్క వెనక చూడాలి. స్పర్శ తగ్గిన కాలు నొప్పి చెప్పదు, కళ్ళతోనే చూడాలి. ఎర్రటి మచ్చ 20 నుంచి 30 నిమిషాల్లో పోతే ఫర్వాలేదు. అప్పటికీ పోకపోయినా, పొక్కు లేచినా పట్టీ వేయడం ఆపి, మచ్చ మీద పెన్నుతో గీత గీసి, దాంతోనే తయారుచేసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. ఎక్కడ వేడి చేసి వెడల్పు చేయాలో వాళ్ళకి వెంటనే తెలుస్తుంది. లోపల దూది, గుడ్డ కుక్కకండి, ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.